కరిసల్ సీమ మార్గదర్శి

మధుర నుండి తిరునెల్వేలికి పోవు దారిలో విరుదునగరు, సాత్తూరు, కోవిల్‌పట్టి పట్టణముల చుట్టును నల్లరేగడి నేలలు వ్యాపించి యున్నవి. తమిళులు వీనిని ‘కరిసల్’ అందురు. వాన కెదురుచూచు ఈ మెట్టచేలలో పత్తి, జొన్న, సజ్జ పండును. విజయనగర, నాయకరాజుల కాలమున వలసవచ్చిన తెలుగు కుటుంబము లిచ్చట పెక్కు కలవు. ఇంట తెలుగు, వీధిలోను బడిలోను తమిళము, ఇది వారి తరతరముల వాడుక.

కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున నట్టి తెలుగు రైతుకుటుంబములో జన్మించినవారు కి. రాజనారాయణన్‌గారు. ఏడవ తరగతితోనే బడి విడిచి, సేద్యము చేసికొనుచు, పిదప కథారచనకు పూనుకొనిరి. ప్రసిద్ధ కథకులు కు. అళగిరిసామిగారిదియు నా యూరే.

అప్పటి తమిళ కథలలో సామాన్యముగా పల్లెపలుకు పాత్రల నోటనే వినవచ్చెడిది. కథకుడు మాత్రము శిష్టభాషలో వ్రాయుచుండెను. రాజనారాయణన్‌గారు కథ చెప్పు గొంతునే పల్లెకు అప్పగించిరి. మాటలు ఊరివారివి, కథలు అవ్వలవి. చదువరులు మోటని విడిచిన పదముల నేరి కరిసల్ మాండలిక నిఘంటువును గూడ కూర్చిరి. ఉన్నదాని విలువను ముందుగా గుర్తించుటయే వారు చూపిన నూతనత్వము. పట్టము లేని ఆయనను పాండిచ్చేరి విశ్వవిద్యాలయము జానపద విజ్ఞానాచార్యునిగా ఆహ్వానించినది.

1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ నవల తెలుగువారి వలస గాథ. చెన్నాదేవి యను కన్యను కాపాడుకొనుటకై పుట్టిననేల విడిచి, దక్షిణమున అడవి నరికి పొలము చేసికొన్నవారి జ్ఞాపకములు అందు కలవు. శాసనముల కెక్కని చరిత్ర యిది. దాని తరువాయియైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

మార్గదర్శి యెవరో వెనుక నడచినవారిని బట్టి తెలియును. ఈ సీమ నుండియే విరుదునగరు జిల్లాకు చెందిన మేలాణ్మై పొన్నుసామి (2007), ఎస్. రామకృష్ణన్ (2018), కోవిల్‌పట్టి ప్రాంతీయులైన పూమణి (2014), చో. ధర్మన్ (2019) గార్లు అదే పురస్కారము నందిరి. రాజనారాయణన్‌గారు 2021 మే 17న దివంగతులైరి.

ఒక్కటి మాత్రము ఆలోచింపదగినది. తెలుగువారి వలస గాథ తమిళ గ్రంథముగా నిలిచినది. ఆ యిండ్లలోని తెలుగు పెక్కుచోట్ల నోటిమాటగానే మిగిలినది. అవ్వలతో నదియు అంతరింపక మునుపే, ఆ పలుకుబళ్లను తెలుగు లిపిలో వ్రాసిపెట్టుటకు పూనుకొనువారెవరో, వారే ఆ సీమకు మరియొక మార్గదర్శులు.