ఓడ నెంబరు చెబితే ఊరు దొరుకుతుందా?

గోపాలపట్నంలో రైలు దిగితే స్టేషను బోర్డు మీద సింహాచలం అని ఉంటుంది. కొండ మీది అప్పన్న పేరు స్టేషనుకే కాదు, ఈ చుట్టుపక్కల ఇంటికొకరికి ఉంది. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, ఆడా మగా తేడా లేకుండా సింహాచలం. సంత మధ్యలో నిలబడి ‘అప్పలరాజూ’ అని కేకేస్తే నలుగురైనా వెనక్కి తిరుగుతారు. సముద్రం అవతల డర్బన్‌లో అప్పల్‌సామి, అప్పల్‌రాజు అనేవి ఇంటిపేర్లు. మారిషస్ తెలుగువాళ్లు నేటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. పూజ నిలిచింది, పేరు నిలిచింది. ఏ ఊరి నుంచి వచ్చామన్నది మాత్రం చాలా ఇళ్లలో మూడో తరానికే చెరిగిపోయింది.

ఆ ఊరి పేరు కావాలంటే మొదట వెతకాల్సింది విశాఖలో కాదు. తాత ముత్తాతలు ఓడ దిగిన రేవుల్లో.

ఫిజీ రాజధాని సువాలో జాతీయ ఆర్కైవ్స్ ఉంది. చెరకు తోటల్లో పనికి ఐదేళ్ల ఒప్పందం మీద తీసుకెళ్లిన కూలీల వలస పాసులు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో అచ్చు కాగితం. పైన ఓడ పేరు, ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే డిపోలో ఇచ్చిన నెంబరు. కింద వరసగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం. పెళ్లయితే ఎవరితో అయింది, దగ్గరి బంధువు ఎవరు. ఆ తర్వాత ఎత్తు అడుగులూ అంగుళాల్లో, ఒంటి మీది గుర్తులు. ఎడమ మోకాలి మీద మచ్చ, నుదుటి మీద గాటు, ముంజేతి మీద పచ్చబొట్టు లాంటివి అక్కడికి చేరేవి. అడుగున మూడు సంతకాలు. మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టరు, తన ఇష్టంతోనే వెళుతున్నాడని వలసల ప్రొటెక్టరు, ఒప్పందం వివరించి చెప్పామని ఏజెంటు. ఒప్పందం ఏ భాషలో చెప్పారో, విన్నవాడికి ఎంత అర్థమైందో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఒంటి గుర్తులు చదువుతుంటే పదో తరగతి సర్టిఫికెట్ గుర్తుకు రాకమానదు. మన పుట్టుమచ్చలు రెండు అందులోనూ రాస్తారు. కాకపోతే కూలీ పాసులో ఆ గడి పెట్టింది మనిషి పారిపోతే పట్టుకోవడానికి. వంద ఏళ్లు గడిచాక ఆ గడే ముని మనవరాలిని ఏడిపిస్తుంది. ముత్తాత ఫొటో లేకపోయినా ఆయన మోకాలి మీద మచ్చ ఎటుపక్క ఉందో ఆమెకు తెలుస్తుంది.

ఈ వలస ఎంత పెద్దదో తెలియాలంటే కొన్ని అంకెలు చాలు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందితో మారిషస్ చేరింది. తర్వాతి డెబ్భై ఐదేళ్లలో ఆ చిన్న దీవిలో దిగిన భారతీయులు సుమారు నాలుగున్నర లక్షలు. వారిలో తెలుగువాళ్లను అక్కడ ‘కోరింగీలు’ అనేవారు, గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860 నవంబరు 16న ట్రూరో ఓడ 342 మందితో మద్రాసు నుంచి చేరింది. 1911లో ఆ దారి మూసేనాటికి నాటాల్ చేరినవాళ్లు 1,52,184 మంది. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లే. విశాఖపట్నం, గంజాం జిల్లాల పేర్లు ఆ జాబితాల్లో పుటపుటనా తగులుతాయి. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు కాస్త ఆలస్యంగా, 1903లో మొదలయ్యాయి. అక్కడికి చేరిన అరవై వేల పైచిలుకులో దక్షిణాదివాళ్లు సుమారు పదిహేను వేలు.

అన్నిటికంటే పకడ్బందీ వ్యవస్థ మారిషస్‌ది. అక్కడి మోకా అనే ఊళ్లో 1970లో స్థాపించిన మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లన్నీ ఒకచోట చేరాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నెంబరు ఇచ్చేవారు, ఆ నెంబరు చచ్చేదాకా వదిలేది కాదు. పెళ్లి రాసినా, బిడ్డ పుట్టినా, మనిషి పోయినా సివిల్ స్టేటస్ దస్తాల్లో పేరు పక్కన నెంబరు పడేది. అందుకే అక్కడ వెతుకులాట వెనక నుంచి నడుస్తుంది. ముందు సొంత బర్త్ సర్టిఫికెట్, దాని ఆధారంగా తల్లిదండ్రుల పెళ్లి కాగితం, తర్వాత తాతది, ముత్తాతది. ఎక్కడో ఒకచోట ఐదారు అంకెల నెంబరు తగులుతుంది. అది పట్టుకుని మోకా వెళితే రిజిస్టరు పుట తెరుచుకుంటుంది. అదృష్టం బాగుంటే ఫొటో కూడా, ఎందుకంటే 1860ల నుంచి అక్కడ కూలీలకు ఫొటోలు తీశారు. ధ్రువీకరించిన నకలు ఇన్‌స్టిట్యూటే ఇస్తుంది.

ఫ్రెంచి భాషలో రాసే మారిషస్ నవలాకారిణి నతాషా అప్పానా ఈ దారిలోనే వెనక్కి నడిచారు. 1872లో ఓడ దిగిన తన పూర్వీకుల గురించి ఆమె రాసిన పుస్తకం ‘లా మెమ్వార్ డెలావే’ 2023లో పారిస్‌లో అచ్చయింది. ఆమె ఇంటిపేరులో అప్పన్న ఇంకా ఉన్నాడు, ఫ్రెంచి వేషంలో.

పుట్టుక కాగితం కోసం ఇంత తిప్పలు పడేది మనవాళ్లే కాదు. ఈ విషయంలో ప్రపంచంలో అందరికంటే ఆరితేరినవాళ్లు ఐర్లండ్ సంతతివాళ్లు. పందొమ్మిదో శతాబ్దపు కరువులో అమెరికా, ఆస్ట్రేలియా చేరినవాళ్ల మనవలు లక్షల్లో ఉన్నారు. ఐర్లండ్‌లో జననాల నమోదు 1864 జనవరి 1న మొదలైంది. పుట్టిన తేదీ, చోటు, తండ్రి పేరు, ఆయన పని, తల్లి పుట్టింటి పేరు, కబురు చెప్పినవాళ్ల సంతకం, చదువు రాకపోతే ఇంటూ గుర్తు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. వందేళ్లు దాటిన జననాల పుటలను ప్రభుత్వం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ధ్రువపత్రం కావాలంటే రోస్‌కామన్‌లోని జనరల్ రిజిస్టర్ ఆఫీసుకు రుసుము కట్టి రాస్తే ఇంటికి వస్తుంది. అయినా వాళ్ల దుఃఖాలు వాళ్లకున్నాయి. 1922 జూన్ 30న డబ్లిన్‌లో అంతర్యుద్ధపు పేలుడులో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కల్లో చాలా భాగం అందులో బూడిదైంది. ఉన్న కాగితాల్లోనూ తిరకాసులే. ఆలస్యంగా నమోదు చేయిస్తే జరిమానా పడుతుందని తల్లిదండ్రులు పుట్టిన తేదీని కాస్త తర్వాతికి జరిపి చెప్పేవారు. ఫలితం, చర్చి పుస్తకం ప్రకారం బాప్టిజం ముందు జరుగుతుంది, బిడ్డ తర్వాత పుడుతుంది. జూన్ 1న పుట్టినట్టు బడి పంతులు రాసిన పిల్లలు ఊరికి పదిమంది ఉన్న మనకు ఇది కొత్తగా అనిపించదు.

ఐర్లండ్ మనవడికి దొరికే తల్లి పుట్టింటి పేరు అంత గొప్ప తాళంచెవి తెలుగు మనవడికి దొరకదు. మన దగ్గర వంశాన్ని గుర్తుపట్టేది ఇంటిపేరుతో. కూలీ పాసులో ఇంటిపేరుకు గడే లేదు. తండ్రి పేరు, కులం రాసి ఊరుకున్నారు. పరాయి గడ్డ మీద తండ్రి పేరే ఇంటిపేరైంది. కాబట్టి పాసు చేత్తో పట్టుకుని ఉత్తరాంధ్ర పల్లెకు వచ్చిన మనిషిని రచ్చబండ మీది పెద్దాయన మొదట అడిగే ప్రశ్నకే జవాబు ఉండదు.

అయితే అసలు పేరే కొంత దారి చూపుతుంది. అప్పల అని మొదలైతే సింహాచలం ప్రభావం ఉన్న మేర. పైడయ్య, పైడితల్లి అంటే విజయనగరం వైపు చూపు తిప్పాలి, అక్కడి అమ్మవారు పైడితల్లమ్మ. నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి నూకాంబిక గుర్తుకొస్తుంది. కులం గడిలో గవర అని ఉంటే అనకాపల్లి అనుమానం ఇంకాస్త బలపడుతుంది. ఇవి రుజువులు కావు, కోర్టులో నిలవవు. కానీ ఊరి పేరు అక్షరాలు చెదిరిపోయినప్పుడు వెతికేవాళ్లకు ఇలాంటి ఆనవాళ్లే ఆసరా.

అక్షరాలు చెదరడం మామూలు విషయం. ఉత్తరాంధ్ర యాసలో కూలీ చెప్పిన ఊరిని మద్రాసు డిపో గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లిషు లిపిలో పెట్టాడు. పెద్ద ఊళ్లకే రూపం మారింది. శ్రీకాకుళం చికాకోల్, భీమునిపట్నం బిమ్లిపటం, కాకినాడ కొకనాడ. ఇక పాతిక గడపల పల్లె సంగతి చెప్పాలా? పైగా జిల్లా సరిహద్దులు ఒకచోట నిలవలేదు. పాసులో గంజాం జిల్లా అని చూసి ఒడిశా వెళితే పొరపాటు కావచ్చు. చికాకోల్ అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అది విశాఖపట్నం జిల్లాకు వచ్చింది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. ఓడ ఎక్కినప్పుడు ఒకే జిల్లావాళ్లయిన ఇద్దరి ఊళ్లకు నేడు ఇద్దరు వేర్వేరు కలెక్టర్లు.

ఊరు సరిగ్గా తేలిందనుకుందాం. అక్కడ పుట్టుక రుజువు దొరుకుతుందా? పందొమ్మిదో శతాబ్దపు కూలీకైతే దాదాపు ఆశ వదులుకోవాల్సిందే. మద్రాసు జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1899లో. పల్లెల్లో ఆ దస్తా గ్రామాధికారి చేతిలో ఉండేది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులు రద్దు చేసినప్పుడు ఎన్ని దస్తాలు ఎన్ని చేతులు మారాయో, ఎన్ని అటకల మీద చెదల పాలయ్యాయో ఊరూరా కథలున్నాయి. భూమి కాగితాలైనా చూద్దామంటే అప్పటి విశాఖపట్నం జిల్లాలో అధిక భాగం విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల కింద ఉండేది. సర్కారు నేరుగా రైతు పేరున పట్టా రాసిన ప్రాంతం తక్కువ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఆ పల్లెల్లో చాలావాటికి ప్రభుత్వ సర్వే, రైతువారీ పట్టాలు వచ్చాయి.

నేటి చట్టం 1969 నాటిది, 1970 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. గోపాలపట్నం 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. అంతకుముందు పుట్టినవాళ్లు తమ బర్త్ సర్టిఫికెట్ కోసం ఏ ఆఫీసు మెట్లెక్కాలో ముందు కనుక్కోవాలి. ఈ తిరుగుడు నేర్పింది అమెరికా. అక్కడ గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టిన కొడుకు ఫోన్ చేసి ‘నాన్నా, నా పుట్టుక నమోదు కాలేదట, నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ పంపు’ అంటాడు. తండ్రి మునిసిపల్ ఆఫీసుకు పోయి, రిజిస్టర్లో ఈ పేరు లేదు అని రాయించుకుని, పుట్టినప్పుడు చూసిన పెద్దవాళ్లతో అఫిడవిట్లు వేయించి పంపుతాడు. పుట్టలేదని కాదు, పుట్టినట్టు రాయలేదని ప్రభుత్వమే రాసిచ్చే కాగితం అది. 1880ల్లో డర్బన్ వెళ్లిన కూలీ ముని మనవడి దగ్గర మూలపురుషుడి వయసు, ఎత్తు, ఊరు ఉన్నాయి. అదే కాలంలో ఊళ్లోనే ఉండిపోయిన అన్నదమ్ముడి ముని మనవడికి ఆ తాత పేరు తెలిస్తే గొప్పే.

దూరదేశపు మనవలకు వలస కాగితం సెంటిమెంటుతో పాటు ఇప్పుడు ఒక పనికీ వస్తోంది. విదేశీ భారతీయ పౌరుల కార్డు మామూలుగా నాలుగో తరంతో ఆగిపోతుంది. 1830ల్లో, 1870ల్లో వెళ్లినవాళ్ల వారసులు ఆ గీత ఎప్పుడో దాటేశారు. 2024 మార్చిలో మారిషస్ వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, అక్కడి భారత సంతతికి ఏడో తరం దాకా ఈ కార్డు ఇస్తామని ప్రకటించారు. ఏడు తరాల గొలుసులో మొదటి కొక్కెం వలస రిజిస్టరే.

అందరికీ ఆ కొక్కెం లేదు. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి రంగూన్ వెళ్లినవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. కోత పనులకు, బియ్యం మిల్లులకు, రేవు పనులకు స్టీమరు డెక్కు మీద టికెట్ కొనుక్కుని వెళ్లారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి పాసు లేదు, ప్రొటెక్టరు లేడు, మోకాలి మచ్చ రాసుకున్న గుమాస్తా లేడు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు అడవుల గుండా నడిచి వచ్చినవాళ్లు కొందరు, 1962 సైనిక పాలన తర్వాత వ్యాపారాలు, ఇళ్లు వదిలి ఓడల్లో తిరిగొచ్చినవాళ్లు కొందరు. గోపాలపట్నం నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలో, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట వాళ్ల వల్లే ఏర్పడింది. అక్కడి పాత ఇళ్లలో పుట్టుక గురించి అడిగితే ట్రంకు పెట్టె అడుగు నుంచి బయటికి తీసేది కాందిశీక కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు పత్రం. ఇంటి యజమాని పేరు, వెంట వచ్చినవాళ్ల పేర్లు, ఉజ్జాయింపు వయసులు. అంతకు వెనక్కి, రంగూన్ వెళ్లిన మొదటి మనిషి ఏ పల్లెలో పుట్టాడన్నది ఇంట్లో పెద్దావిడకు గుర్తుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.