వెయ్యికి ఎన్ని తక్కువ? క్యాన్సర్ చికిత్స తర్వాత బీడీ కార్మిక స్త్రీల పని

కామారెడ్డి వైపు ఒక ఊళ్లో, క్యాన్సర్ చికిత్స ముగించుకొని వచ్చిన ఒకావిడ తన ఆసుపత్రి కాగితాలు నా చేతికిచ్చింది. వృత్తి అన్న చోట ‘హౌస్‌వైఫ్’ అని ఉంది. ఆమె ఆ కాగితాలు తీసిచ్చింది ఒళ్లో ఉన్న బీడీల చాటను పక్కకు జరిపి. పన్నెండు పదమూడేళ్ల వయసులో పట్టిన చాట అది. ‘‘మళ్లీ పని ఎప్పుడు మొదలుపెట్టారక్కా?’’ అని అడిగితే నా ప్రశ్నే ఆమెకు వింతగా తోచింది. ‘‘పనికి పోయేటోళ్లు గద మళ్ల పనికి పోయేది. మాది ఇంట్ల పనేనాయె. దవాఖాన నుంచి వచ్చిన నాడే ఆకు నానబెట్టిన’’ అంది.

ఈ వ్యాసానికి మూలం ఆ జవాబు. క్యాన్సర్ నుంచి బయటపడినవారు తిరిగి పనిలో చేరడం గురించి మనవాళ్లు ఏం రాసినా ఏంజెలా డి బోర్ బృందం 2009లో ‘జామా’ పత్రికలో ప్రచురించిన విశ్లేషణతోనే మొదలుపెడతారు. 36 అధ్యయనాలు, 20,366 మంది రోగులు. క్యాన్సర్ వచ్చినవారిలో 33.8 శాతం మందికి ఉద్యోగం లేదు. ఆరోగ్యవంతుల్లో అది 15.2 శాతం. లెక్క తప్పని నేను అనడం లేదు. నా తగాదా ఆ లెక్కకు పెట్టుకున్న గడులతో. ఉద్యోగం ఉందా, లేదా? ఈ రెండు గడుల్లో కామారెడ్డి ఆవిడ ‘ఉంది’ అన్న దాంట్లో పడుతుంది, విజయగాథగా నమోదవుతుంది. వైద్య ప్రయోగాలను కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2015 సమీక్షలోనూ డి బోర్ ప్రథమ రచయిత. శారీరక వ్యాయామం, మానసిక బలం, ఉద్యోగ సలహా కలిపి అందించిన చోట పనిలో చేరినవారు కొంత పెరిగారని అది చెబుతుంది. అందులో పరిశీలించిన 15 ప్రయోగాలూ సంపన్న దేశాల్లో జరిగినవే. డి బోర్ సొంత దేశం నెదర్లాండ్స్‌లో జబ్బుపడిన ఉద్యోగికి యజమాని రెండేళ్ల దాకా కనీసం 70 శాతం జీతం ఇవ్వాలి. తిరిగి పనిలో పెట్టుకోవడానికి ప్రయత్నించినట్టు రుజువులు కూడా చూపాలి. ఆ నేల మీద మొలిచిన ప్రశ్నలను తెచ్చి మన పరిశోధకులు తునికాకు కట్టల మధ్య నాటుతున్నారు. అందుకే వారికి ఇక్కడ సమస్యే కనిపించడం లేదు.

సమస్య కనిపించాలంటే చేతుల దగ్గర కూర్చోవాలి. నానిన ఆకును కొలత రేకు కింద పెట్టి కత్తెరతో కత్తిరించాలి. చిటికెడు తంబాకు పోసి, బొటనవేలు చూపుడువేళ్ల మధ్య చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. ఈ పనిలో కళ్లకన్నా వేలికొసలకే ఎక్కువ తెలుస్తుంది. తంబాకు ఎంత పడిందో, చుట్టు ఎంత బిగిసిందో చెప్పేది అవే. రొమ్ము క్యాన్సర్‌కు తరచుగా వాడే పాక్లిటాక్సెల్ మందు దెబ్బతీసేది సరిగ్గా ఆ వేలికొసల నరాలనే. ఆ మొద్దుబారడం మందు ఆపాక నెలలు, కొందరిలో ఏళ్లు ఉంటుంది. ‘‘వేళ్లకు సోయి లేదు బిడ్డా’’ అంటూ కామారెడ్డి ఆవిడ నా ముందే ఒక బీడీ చుట్టింది. వదులుగా వచ్చింది. విప్పి మళ్లీ చుట్టింది. మూడోసారికి ఆకు చిరిగింది. ఆ ఆకును పారేయలేదు, చాట అంచున పెట్టుకుంది. కంపెనీ ఆకును, తంబాకును తూచి ఇస్తుంది. చిరిగిన ఆకుకు బదులు ఆకు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. కార్ఖానాలో కట్టకు 25 చొప్పున లెక్కపెట్టేటప్పుడు వదులుగా ఉన్నవాటిని పక్కకు తీసేస్తారు, వాటికి కూలి రాదు.

ఆమెకు జబ్బుకు ముందు రోజుకు వెయ్యి అయ్యేవి. ఇప్పుడు పొద్దుగూకేదాకా కూర్చున్నా నాలుగు వందలు దాటవు. అయినా కార్ఖానాకు చేరేది వెయ్యే. మిగిలిన ఆరు వందలు ఇంటర్ చదువుతున్న కూతురు కాలేజీ నుంచి వచ్చి చుడుతుంది. పీఎఫ్ తల్లి పేరు మీదే జమవుతుంది, కార్ఖానా పుస్తకంలో తల్లి పనిలోనే ఉంటుంది. ఈ ఇంట్లో పనికి తిరిగి వెళ్లింది ఎవరు? తల్లి వదిలిన పనిలో కూతురు చేరిందని నేనంటాను. నేను వెళ్లిన ఇళ్లలో చేతిసాయం లేకుండా పాత లెక్క అందుకున్న స్త్రీ నాకు తారసపడలేదు. సాయపడే చేయి ఎప్పుడూ ఆడపిల్లదో కోడలిదో.

చట్టాల సంగతి క్లుప్తంగా చెప్పాలి. 1952 నాటి భవిష్యనిధి పథకంలోని 68-జె పేరా క్యాన్సర్‌ను పేరుపెట్టి చెప్పి, సభ్యురాలు తన సొమ్ము తీసుకోవచ్చంటుంది. అంటే రేపటి కోసం దాచుకున్నది ఇవాళ తినమని. ఈఎస్ఐ బీమా ఉన్నవారికి దీర్ఘవ్యాధి కింద కూలిలో 80 శాతం వస్తుంది, కానీ నేను కలిసినవారిలో ఎవరి దగ్గరా ఆ కార్డు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. క్యాన్సర్ వాటిలో లేదు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో క్యాన్సర్ రోగికి వైకల్య రక్షణ రోగ నిర్ధారణ అయిన రోజు నుంచే మొదలవుతుంది. తెలంగాణ ప్రభుత్వం పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులకు ఇచ్చే 2,016 రూపాయల పింఛను మాత్రం ఆ ఇళ్లలో బియ్యం, కరెంటు బిల్లుగా మారుతోంది. ఈ జాబితా మొత్తంలో పనికి దక్కుతున్న అసలైన ఆసరా అదొక్కటే.

తంబాకు దుమ్ములోకి క్యాన్సర్ రోగిని మళ్లీ పంపడమే తప్పని వైద్యులు అంటే కాదనలేను, కానీ మరో పని చూపించేదాకా ఆ మాట ఆమెకు అన్నం పెట్టదు. ఇది బీడీల దగ్గరే ఆగదు. కూలి గంటకు కాక లెక్కకు కట్టే ప్రతిచోటా, మిరపతోటలో కిలోలకు ఏరే కూలీ దగ్గరైనా, గుత్తకు నాటు వేసే గుంపులోనైనా, క్యాన్సర్ భారం రోగి నుంచి పక్క చేతికి ఇలాగే జారుతోందని నా వాదన. ‘తిరిగి పనిలో చేరినవారి శాతం’ అనే కొలత ఈ దేశంలో ఆడపిల్లల శ్రమను దాచిపెట్టే కొలత. దాన్ని పక్కన పెట్టాలి.

దాని బదులు అడగవలసినవి ఉన్నాయి. ఇంతకుముందు వెయ్యి చేస్తే ఇప్పుడు ఎన్ని? ఆ తేడా ఎవరు నింపుతున్నారు? చికిత్స ముగించి ఇంటికి పంపేటప్పుడే వైద్యులు ‘చేతులతో మీరు చేసే పని ఏమిటి?’ అని అడిగి కాగితం మీద రాయాలి. వేలికొసల స్పర్శను పరీక్షించి, వ్యాయామం చెప్పేవారి దగ్గరకు పంపాలి. కనీసం ఏడాది పాటు సగం లెక్కనే నిండు హాజరుగా కార్ఖానా రాసుకోవాలి, పక్కకు తీసే బీడీలకు కోత పెట్టకూడదు. ఆ లోటును బీడీ కార్మికుల సంక్షేమ వ్యవస్థ భరించాలి, వైద్యానికి సాయం చేసే ఏర్పాటు దానికి ఇప్పటికే ఉంది.

రెండోసారి వెళ్లినప్పుడు చాట కూతురి ఒళ్లో ఉంది. తల్లి పక్కన కూర్చొని ఆకు కత్తిరిస్తోంది. కత్తెర పనికి వేలికొసలతో అంత అవసరం లేదని, ఇద్దరూ కలిసి అలా పంచుకున్నామని చెప్పింది. ఆ అమ్మాయి పరీక్షల గురించి అడిగాను. ఆమె తలెత్తకుండానే దారం బిగించి, ఆ కట్టలో ఇంకా ఆరు తక్కువ ఉన్నాయంది.