పదహారో సెక్షన్: పల్లె బడి హద్దులో ఇల్లు

అమెరికాలో ఇల్లు కొనబోయేవారు పడకగదులెన్ని, స్థలమెంత అని చూసినంత శ్రద్ధగానే ఆ ఇల్లు ఏ స్కూలు డిస్ట్రిక్టులో ఉందో చూస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇక్కడి పాఠకులకు మాత్రం ఒక వివరణ అవసరం. స్కూలు డిస్ట్రిక్టుకూ మన జిల్లాకూ పోలిక లేదు. అది బళ్లు నడపడం కోసమే ఏర్పడిన చిన్న ప్రభుత్వం. చాలా రాష్ట్రాల్లో దానికి సొంత హద్దులు, ఎన్నికైన బోర్డు, ఇళ్ల మీదా భూముల మీదా పన్ను వేసే అధికారం ఉంటాయి. ఇంటి ధరకూ బడికీ మధ్య ఉన్న ఈ ముడిని నగర శివార్లలో ఇళ్ల వ్యాపారం పెరిగాక వచ్చిన పోకడగా చాలామంది భావిస్తారు. కానీ ఆ ముడి మొదట పడింది పల్లెల్లో, పొలాలు కొలిచిన గొలుసుతో. ఆ చరిత్ర తెలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చిన్న పల్లె డిస్ట్రిక్టులో ఇల్లు కొన్నవారి చేతికి వచ్చేది నాలుగు గోడలే కాదు, ఊరి ఉమ్మడి ఆస్తిలో ఒక వాటా కూడా. డిస్ట్రిక్టు నిలవాలా, మరొకదానిలో కలిసిపోవాలా అన్నది తేల్చినవారిలో ఆ వాటాదారులే ముందున్నారు.

1785లో అమెరికా కొత్త దేశం. స్వాతంత్ర్య యుద్ధం మిగిల్చిన అప్పులు నెత్తిమీద ఉన్నాయి. ఒహాయో నదికి అవతల, అప్పటికి ఆదివాసీ జాతులు నివసిస్తున్న నేలను కొలిచి అమ్మి ఖజానా నింపుకోవాలని నాటి కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం నేలను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న టౌన్‌షిప్‌లుగా, ఒక్కో టౌన్‌షిప్‌ను 36 సెక్షన్లుగా విభజించారు. ఒక్కో సెక్షన్ చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. కొలతకు వాడినది 66 అడుగుల, వంద లింకుల గొలుసు. మద్రాసు ప్రెసిడెన్సీలో మన పొలాలను కొలిచినదీ ఆ కొలత గొలుసే. ఆ 36 సెక్షన్లలో పదహారోది టౌన్‌షిప్ నడిబొడ్డుకు దగ్గరగా ఉంటుంది. దాన్ని బళ్ల కోసం విడిచిపెట్టాలని చట్టం చెప్పింది. 1848లో ఒరెగాన్ ప్రాంతంలో ఒక్కో టౌన్‌షిప్‌కు ఇలా రెండు సెక్షన్లు కేటాయించారు. తర్వాత యూటా, న్యూ మెక్సికో, అరిజోనాలకు నాలుగేసి దక్కాయి. దీని వెనుక చదువు మీద గౌరవం ఉన్నమాట నిజమే. దానితోపాటు భూమి అమ్మేవాడి ముందుచూపూ ఉంది. పిల్లలకు బడి దొరకని చోటికి సంసారంతో వచ్చి ఎవరు స్థిరపడతారు? కాబట్టి బడి అనే మాట భూమి ధరలో మొదటినుంచీ ఇమిడే ఉంది. ఊరు వెలిసి, తర్వాత బడి పెట్టడం మనకు తెలిసిన క్రమం. అక్కడ పటం మీద బడి స్థలం ముందు పడింది, ఇళ్లు తర్వాత లేచాయి.

అయితే కేటాయించిన భూమి బడిని పోషించలేకపోయింది. కొన్నిచోట్ల ఆ సెక్షన్ రాళ్లగుట్ట అయింది. కొన్నిచోట్ల దాన్ని కారుచౌకగా అమ్మేశారు. లోటు భర్తీ చేసింది చుట్టుపక్కల కుటుంబాలు. పిల్లలు నడిచి రాగలిగే దూరమే హద్దుగా డిస్ట్రిక్టులు పుట్టాయి. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఒక్క టౌన్‌షిప్‌లోనే ఎనిమిదీ తొమ్మిదీ డిస్ట్రిక్టులు ఉండటం మామూలు. ఏటా ఇంటి పెద్దలు కూడి ఎంత పన్ను వేసుకోవాలి, బడి ఎన్ని నెలలు నడపాలి, పొయ్యిలోకి కట్టెలు ఎవరు తేవాలి అన్నవి తేల్చుకునేవారు. మన దగ్గర పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకున్నట్టు, అక్కడ పంతులు లేదా పంతులమ్మ వంతులవారీగా ఒక్కో ఇంట్లో ఉండి తినేవారు. జీతంలో కొంత భాగం అలా అన్నం రూపంలో ముట్టేది. ఇంటి పెద్దలు ఏటా కూడే ఈ చిన్న సభ మరో పెద్ద మార్పుకు కూడా దారి తీసింది. 1838లోనే కెంటకీ రాష్ట్రం పల్లె బడుల వ్యవహారాల్లో ఆస్తిపన్ను కట్టే వితంతువులకు ఓటు ఇచ్చింది. 1861లో రాష్ట్రంగా అవతరించిన కేన్సస్ బడి ఎన్నికల్లో స్త్రీలందరికీ ఆ హక్కు కల్పించింది. దేశమంతటా స్త్రీలకు ఓటు రావడానికి అప్పటికి ఇంకా దాదాపు ఆరు దశాబ్దాలు ఉంది. ఇల్లు, పన్ను, ఓటు, బడి అన్నీ ఒక్క గుడ్డలో కట్టిన మూటలా ఉండేవని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దం తొలి పాదంలో ఆ దేశంలో సుమారు రెండు లక్షల ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉండేవి. అర్ధ శతాబ్దం గడిచేసరికి అవి దాదాపు కనుమరుగయ్యాయి. 1931-32లో 1,27,000కు పైగా ఉన్న స్కూలు డిస్ట్రిక్టులు 1970-71 నాటికి దాదాపు 18,000కు పడిపోయాయి. ఇప్పుడు ఉన్నవి సుమారు 13,000. పల్లె జీవితం మీద అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ 1908లో వేసిన కమిషన్, 1914లో పల్లె చదువుల మీద పుస్తకం రాసిన స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు ఎల్‌వుడ్ కబ్బర్లీ వంటి సంస్కర్తలు, బడుల విలీనానికి డబ్బు ఆశ చూపిన రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి పల్లెల మెడలు వంచాయన్నది వాడుకలో ఉన్న కథ. అందులో కొంత నిజముంది. కానీ ఆర్థికవేత్త విలియమ్ ఫిషెల్ 2009లో వెలువరించిన పుస్తకంలో ఒక ముఖ్యమైన ప్రశ్న వేశారు. చాలాచోట్ల విలీనానికి స్థానిక ఓటర్ల ఆమోదం అవసరమైనప్పుడు, వాళ్లు ఎందుకు ఒప్పుకున్నారు? ఆయన జవాబు హైస్కూలు. హైస్కూలు కోసం పన్ను వేయడం చెల్లుతుందని 1874లో మిచిగాన్ సుప్రీంకోర్టు కలమజూ కేసులో తీర్పిచ్చాక ఆ చదువు మెల్లగా సామాన్యుడి ఆశ అయింది. తరగతుల విభజన లేని ఒంటిగది బడిలో చదివిన పిల్లలకు హైస్కూలు మెట్టు ఎక్కడం కష్టం. హైస్కూలు అందని చోట పొలానికీ ఇంటికీ కొనేవాడు దొరకడం కష్టం. అందుకే చేతులారా కట్టుకున్న బడిని చేతులారా మూసుకున్నారు. ఆ నిర్ణయం ఎంత బాధ కలిగించినా, అది వాటాదారుల నిర్ణయం. నా వాదనకు బలమైన ఆధారం ఇదే. విలీనంలో సైతం బడి భవిష్యత్తును తేల్చినవారిలో ఇంటి యజమాని ముందున్నాడు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. మనుషులే విలీనాన్ని కోరుకున్నప్పుడు ఇంకా మిగిలిన చిన్న డిస్ట్రిక్టుల మీద మమకారం ఎందుకు? హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ 1959లో, ఏటా కనీసం వందమంది పట్టా పుచ్చుకుని బయటికి వెళ్లని హైస్కూలు చాలినన్ని సబ్జెక్టులు చెప్పలేదని వాదించాడు. న్యూయార్క్ రాష్ట్రం మీద జరిగిన పరిశోధనలు మరీ చిన్న డిస్ట్రిక్టులు కలిస్తే ఒక్కో విద్యార్థి మీద ఖర్చు తగ్గుతుందనీ, అక్కడి ఇళ్ల ధరలు పెరుగుతాయనీ, డిస్ట్రిక్టు పెద్దదయ్యేకొద్దీ ఆ లాభం కరిగిపోతుందనీ తేల్చాయి. ఈ లెక్కల్ని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. కానీ అదే రాష్ట్రంలో కార్నెల్ విశ్వవిద్యాలయపు థామస్ లైసన్ 2002లో చిన్న ఊళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. బడి ఉన్న చిన్న ఊళ్లలో ఇళ్ల విలువ, బడి లేని ఊళ్లలో కంటే ఎక్కువగా కనిపించింది. ఈ రెండు ఫలితాలూ ఒకదానితో ఒకటి పోట్లాడుకోవు. డిస్ట్రిక్టు మొత్తం సగటు ఒకటి, బడి పోగొట్టుకున్న ఊరి గతి మరొకటి. రెండు ఊళ్లు కలిసినప్పుడు కొత్త భవనం ఏదో ఒక ఊళ్లోనే లేస్తుంది. రెండో ఊరి పిల్లలు బస్సెక్కుతారు. ఆ ఊళ్లో సాయంత్రం ఆటల పోటీకి జనం కూడరు, పంతుళ్లు కాపురాలు మారుస్తారు, కిరాణా కొట్టు మూతపడుతుంది. సగటు లెక్క ఈ నష్టాన్ని చూపించలేదు. కాబట్టి మరీ చిన్న డిస్ట్రిక్టులు కలవడం తప్పని నేనను. ఏ ఊరు దేన్ని కోల్పోతోందో ఆ ఊరివారి చేత చెప్పించకుండా కలపడం తప్పంటాను.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. బడిని ఇంటి విలువకు కడితే పేద ఊరి బడి పేదగానే మిగులుతుంది కదా? దీనికి సాక్ష్యం టెక్సస్ రాష్ట్రంలో దొరుకుతుంది. 1967-68లో శాన్ ఆంటోనియో నగరంలోని ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను వేసినా స్థానికంగా ఒక్కో విద్యార్థికి సమకూరింది 26 డాలర్లే. సంపన్నులుండే ఆలమో హైట్స్ 85 సెంట్ల పన్నుతోనే 333 డాలర్లు రాబట్టింది. ఎక్కువ భారం మోసినవాడికి తక్కువ ఫలం. అయినా 1973లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, ఇది దేశ రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. దక్షిణాది పల్లెల చరిత్ర ఇంకా చేదైనది. అక్కడ నల్లజాతి కుటుంబాలు పన్ను కట్టినా ఆ డబ్బు ఎక్కువగా తెల్లవారి బళ్లకు వెళ్లేది. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ ప్రోద్బలంతో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇచ్చిన విరాళాలకు తమ కష్టార్జితాన్నీ, స్థలాలనూ, రెక్కల శ్రమనూ జోడించి 1932 నాటికి ఆ కుటుంబాలు 15 రాష్ట్రాల్లో దాదాపు 5,000 బళ్లు కట్టుకున్నాయి. అంటే ఒకే బడికి రెండుసార్లు పన్ను కట్టారు. ఈ అభ్యంతరానికి నేను తల వంచుతాను. కానీ అది తప్పుపడుతున్నది వాటా కొందరికే దక్కడాన్ని. వాటా అనే భావాన్నే అది తోసిపుచ్చదు. ఓటు లేకుండా పన్ను కట్టిన ఆ మనుషులు కోరుకున్నది బడి మీద అధికారం వేరెవరికో అప్పగించడం కాదు, తమకూ అందులో చోటు దొరకడం. డబ్బులో అసమానతను రాష్ట్ర ఖజానా సరిదిద్దాలి. బడి ఎలా నడవాలో చెప్పే గొంతు మాత్రం ఊరి దగ్గర ఉండాలి. టెక్సస్ సుప్రీంకోర్టు 1989లో తమ రాష్ట్ర నిధుల పద్ధతిని కొట్టివేసినప్పుడు డిస్ట్రిక్టులను రద్దు చేయమనలేదు, డబ్బు పంచే తీరు మార్చమంది.

ఈ చరిత్రంతా ఇవాళ ఇల్లు కొనేవారి కాగితాల్లో బతికే ఉంది. 1949 గృహచట్టం నుంచి వచ్చిన పల్లె గృహరుణ పథకం కింద అర్హులైనవారు ముందస్తు సొమ్ము కట్టకుండానే ఇల్లు కొనుక్కోవచ్చు. ఇంటి తలుపు అంత తేలిగ్గా తెరుచుకున్నా, బడి తలుపు ఎన్నాళ్లు తెరిచి ఉంటుందన్నది వేరే ప్రశ్న. 2004లో ఆర్కన్సా రాష్ట్రం 350 మంది విద్యార్థులు లేని డిస్ట్రిక్టులను కలిపేసే చట్టం చేసింది. 2005లో నెబ్రాస్కా ప్రాథమిక బళ్లు మాత్రమే నడిపే చిన్న డిస్ట్రిక్టులను రద్దు చేస్తే, మరుసటి ఏడాది ఓటర్లే ఆ చట్టాన్ని తిరస్కరించారు. మరోవైపు డిస్ట్రిక్టు బతికినా పల్లె మిగలకపోవచ్చు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో జనాభా 2000లో 34,000 లోపు, 2020లో రెండు లక్షలు దాటింది. ఎందరో తెలుగువారు అక్కడ ఇళ్లు కొన్నది బళ్లను చూసే. వారు వెళ్లిన చోటు ఒకప్పటి పొలాల ఊరు. ఆ బళ్లకు పునాది వేసినవాళ్లు తమ పిల్లల కోసమే కాక, ఎన్నడూ చూడని వారి పిల్లల కోసం కూడా పన్ను కట్టినట్టయింది.

అందుకే చిన్న డిస్ట్రిక్టులో ఇల్లు కొనేవారు పరీక్షల మార్కుల పట్టికతో ఆగిపోకూడదు. విద్యార్థుల సంఖ్య పదేళ్లుగా పెరుగుతోందా తరుగుతోందా, బడి భవనాలకు అప్పు తేవాలా వద్దా అని తేల్చే గత బాండు ఎన్నికలో ఊరు ఏమంది, బోర్డు సమావేశానికి జనం వస్తారా అని విచారించాలి. పిల్లలు లేనివారు, పిల్లలు పెద్దవాళ్లయిపోయినవారు మాకేమిటని అడగవచ్చు. పిల్లలున్న కుటుంబం రేపు ఆ ఊళ్లో ఇల్లు వెతకకపోతే వారి ఇంటిని కొనేదెవరు? పదహారో సెక్షన్ తర్వాతి తరానికి పెట్టిన కేటాయింపు. అది చాలనప్పుడు కట్టెలు మోసి, పంతులమ్మకు అన్నం పెట్టి, ఏటా కూర్చుని లెక్క చూసుకున్నవాళ్లు ఆ లోటు పూడ్చారు. ఇవాళ ఆ పల్లెలో ఇంటి తాళంచెవి అందుకునేవారికి ఆ పని కూడా అందుతుంది. దాన్ని చేతిలోకి తీసుకునే మొదటి అడుగు బోర్డు ఎన్నిక రోజున ఓటు వేయడం.