మామయ్య ఇచ్చిన తుపాకి

కోవిల్‌పట్టికి తూర్పున నల్లరేగడి నేలలో ఉంది మా మేనమామగారి ఊరు. ఆయనకు ఎనభై దాటాయి. కొడుకులిద్దరూ బెంగుళూరులో ఉంటారు. మొన్న పుష్యమాసంలో కబురు పెడితే వెళ్ళాను. భోజనమయ్యాక అటకమీదనుంచి పాతపంచెలో చుట్టిన పొడుగాటి మూట దింపించి నా ఒడిలో పెట్టారు.

"ఇది నీకేరా అల్లుడూ. మావాళ్ళకు దీని విలువ తెలియదు. నువ్వు చరిత్ర చెప్పిన పంతులువి."

విప్పకముందే అదేమిటో తెలిసింది. చిన్నప్పుడు నాకు ముట్టుకోవడానికి కూడా అనుమతి లేని తుపాకి. ఇప్పుడు అడగకుండానే ఒళ్ళోకి వచ్చింది. బరువుగా, చల్లగా, కొబ్బరినూనె వాసన వేస్తూ. నాకక్కరలేదు అని చెప్పడానికి నోరు రాలేదు.

మా ఇంట్లో ఈ తుపాకికి ఒక కథ ఉంది. పాంచాలంకురిచ్చి యుద్ధంలో మా పూర్వీకుడొకడు ఊమైదొర పక్షాన నిలిచి దీనితో పోరాడాడని, కోట పడ్డాక గడ్డివామిలో దాచి తెచ్చాడని చెప్పుకుంటారు. మామయ్య ఆ కథ చెప్పినప్పుడల్లా గొంతు మారేది. తమిళం చదివి తమిళంలో ఉద్యోగాలు చేసే మా పిల్లలకు, మనం ఈ నేలమీద నిన్నమొన్న వచ్చి చేరినవాళ్ళం కామని చెప్పడానికి ఆయన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

ఆ యుద్ధం సంగతి పాఠకులకు తెలిసిందే. కట్టబొమ్మన ఇంటిభాష తెలుగు. గెట్టిబొమ్ము అన్న మాటే తమిళుల నోట కట్టబొమ్మన్ అయిందంటారు. 1799 అక్టోబరు 16న కయత్తారులో కుంఫిణీవారు ఆయన్ను ఉరితీశారు. తమ్ముడు ఊమైదొర, అంటే మూగదొర, 1801 ఫిబ్రవరిలో పాలయంకోట చెరనుంచి తప్పించుకుని, కూలగొట్టిన మట్టికోటను కొద్దిరోజుల్లోనే మళ్ళీ లేపాడు. మార్చిలో మెకాలే దళాన్ని తిప్పికొట్టాడు. మేలో ఆగ్న్యూ పెద్దసేనతో వచ్చాక కోట పడింది. పాలెగాళ్ళ మనుషులు ముఖ్యంగా నమ్ముకున్నది పొడవాటి ఈటెలను. మరి కుంఫిణీవారికి సాయం పట్టిన ఎట్టయపురం పాలెగాడిదీ తెలుగే. మావాళ్ళు ఈ భాగాన్ని సాధారణంగా మింగేస్తారు. తమిళంలో ఎట్టప్పన్ అంటే ద్రోహి అని అర్థం స్థిరపడిపోయింది. అదే ఎట్టయపురం సంస్థానంలో సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో తెలుగులిపిలో అచ్చయిందని మాత్రం చాలామందికి తెలియదు. మంచీ చెడూ రెండూ మనవే.

తుపాకిని పడమటి కిటికీ దగ్గర, వెలుతురులో పెట్టి చూశాను. ముందునుంచి మందు దట్టించే ఒంటిగొట్టం తుపాకి. గుర్రం కొట్టేచోట చిన్న మొలక, దానిమీద రాగిటోపీ తొడగాలి. అక్కడే నా మనసు కుంగింది. 1801లో ఉన్నవి వత్తి తుపాకులు, చెకుముకి తుపాకులు. రాగిటోపీ పద్ధతి 1820 తర్వాతగానీ వాడుకలోకి రాలేదు. బ్రిటిషు సైన్యమే 1840 ప్రాంతంలో దానికి మారింది. పాత చెకుముకి తుపాకులను తర్వాత మార్చిన మాటా నిజమే. అలా మారిస్తే ప్రక్కరేకుమీద పాతమరల రంధ్రాలు పూడ్చిన గుర్తులుండాలి. కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు వెతికాను. లేవు.

మూటలో కాగితాల కట్ట కూడా ఉంది. అన్నీ లైసెన్సులు. 1801 డిసెంబరులో మద్రాసు గవర్నరు క్లైవ్ (ప్లాసీ క్లైవ్ కొడుకు) చేసిన ప్రకటనతో దక్షిణ పాలెములలో ఆయుధాలు నిషిద్ధమయ్యాయి, కోటలు నేలమట్టమయ్యాయి. తర్వాత 1878లో లిట్టన్ దేశమంతటికీ ఆయుధాల చట్టం తెచ్చాడు. దేశీయుడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కరలేదు. అదే ఏడు దేశభాషల పత్రికల నోరు కట్టే చట్టం కూడా ఆయనే తెచ్చాడు. పత్రికల చట్టం రిప్పన్ కాలంలో పోయింది. ఆయుధాలది స్వతంత్రం వచ్చాక కూడా నిలిచి, 1959 చట్టం 1962 అక్టోబరు 1న అమలయ్యేదాకా సాగింది. 1959లోనే శివాజీ గణేశన్ కట్టబొమ్మన్ సినిమా వచ్చింది. అందులో ఆయన అచ్చతమిళంలో గర్జిస్తాడు.

కట్టలో అన్నిటికంటె అడుగున ఉన్న కాగితం మా తాతగారి తండ్రిది. పైరుకాపుకోసం తుపాకి ఉంచుకోవడానికి సర్కారువారిచ్చిన అనుమతి. అంటే మా ఇంటి తుపాకి సర్కారును ఎదిరించి దాచింది కాదు, సర్కారుకు అర్జీ పెట్టుకుని తెచ్చుకున్నది. యుద్ధంతో దానికే సంబంధమూ లేదు. ఎనభైయేళ్ళ మనిషికి ఈ మాట ఎలా చెప్పడం? చెప్పకుండా ఇంటికి తీసుకుపోతే ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు నేను చెప్పిన పాఠం ఏమవుతుంది?

ముందు చట్టం సంగతి చెప్పాను, అది సులువు గనుక. లైసెన్సు లేని నా ఇంట్లో ఇది ఒక్కరాత్రి ఉన్నా నేరమేనన్నాను. "దేనికీ పనికిరాని పాత ఆయుధమైతే చట్టం పట్టించుకోదటగా?" అన్నారు మామయ్య. నిజమే, అలాంటి మినహాయింపు ఉంది. కానీ ఆయన ప్రతి శనివారం నూనె పూసి, గొట్టం తుడిచి, మొక్కజొన్న చేలోకి అడవిపందులు దిగినప్పుడు గుండు లేకుండా మందు మాత్రం దట్టించి పేలుస్తూ దాన్ని బ్రతికించారు. శ్రద్ధ తక్కువై తుప్పుపట్టి ఉంటే బాగుండేది.

మాట మాటలోకి వెళ్ళింది. తుపాకి అన్నమాట తుర్కీభాషలోని తుఫెక్ నుంచి వచ్చిందని, వళ్ళువరు కురళ్‌లో వాన గురించిన పన్నెండో పద్యంలో 'తుప్పాక్కి' అన్న మాట ఉన్నా దానికి ఆహారంగా చేసి అని అర్థమని చెప్పాను. ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వుమీదే రాగిటోపీ సంగతి కూడా చెప్పేశాను.

నవ్వు ఆగింది. చాలాసేపు గుర్రంమీద బొటనవేలు ఆడిస్తూ కూర్చున్నారు. "మా నాయన అబద్ధం చెప్పాడంటావా?"

"ఆయనకెవరో చెప్పారు, ఆయన మీకు చెప్పారు మామా. మనవాళ్ళు ఆ యుద్ధంలో ఉండే ఉండవచ్చు. ఈ తుపాకి లేదు, అంతే."

"ఈటెతో ఉన్నాడేమో."

"ఉండవచ్చు" అన్నాను. అది అబద్ధం కాదు.

మర్నాడు ఆయనే స్టేషనుకు తీసుకొచ్చారు, నేను వెంట ఉన్నాను. ప్రతి ఎన్నికలకూ అప్పగించి మళ్ళీ తెచ్చుకోవడం ఆయనకు అలవాటే. ఈసారి తిరిగి రాదని తెలిసి రసీదుమీద సంతకం చేసేటప్పుడు చెయ్యి వణికింది. ఆయన సంతకం తమిళంలో ఉంటుంది. కానీ కట్ట అడుగున ఉన్న ఆ పాత కాగితంమీద మా ముత్తాత సంతకం తెలుగులో ఉంది. వంకరటింకర అక్షరాలు, ఒత్తులు కిందికి జారిపోయాయి. మా వంశంలో ఆయన చేతివ్రాత మరెక్కడా మిగలలేదు. మామయ్య దాన్ని ఎన్నోసార్లు చూసి ఉంటారు, చదవలేదు. ఆయనకు తెలుగు మాట్లాడడమే వచ్చు. బస్సుస్టాండులో బెంచీమీద కూర్చుని ఒక్కొక్క అక్షరమే వేలుపెట్టి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు.

ఆ కాగితాన్ని నాకిచ్చారు. వారానికోసారి ఫోను చేస్తారు. యోగక్షేమాలయ్యాక, "స్టేషనులో దానికి నూనె పూస్తున్నారో లేదో కనుక్కో" అంటారు.