యంత్రం చేసినవాడి సాక్ష్యం

కంప్యూటర్‌ను గురించి మన అభ్యుదయవాదుల్లో స్థిరపడిన అభిప్రాయం ఒకటి వుంది. యంత్రం తటస్థమైనది, దానివల్ల మేలు జరుగుతుందా కీడు జరుగుతుందా అన్నది అది ఎవరి చేతిలో వుందన్నదాన్ని బట్టి వుంటుంది, పెట్టుబడిదారుడి చేతిలో శ్రామికుణ్ణి పీడించే యంత్రమే ప్రజల చేతికి వస్తే ప్రజలకు సేవ చేస్తుంది - ఇదీ ఆ అభిప్రాయం. తరగతి గదిలోనూ, సభల్లోనూ నేనూ ఈ మాట చాలాసార్లు అన్నాను. ఇప్పుడంత ధీమాగా అనలేను. నా ధీమాను సడలించింది మన సిద్ధాంత గ్రంథమేదీ కాదు. కంప్యూటర్లు కట్టి, వాటికి ప్రోగ్రాములు రాసి బతికిన ఒక పనివాడి సాక్ష్యం. ఆయన పేరు జోసెఫ్ వైజెన్‌బామ్.

1923లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. హిట్లర్ పాలన నుంచి తప్పించుకుని 1936లో ఆ కుటుంబం అమెరికా చేరింది. డెట్రాయిట్‌లోని వేన్ విశ్వవిద్యాలయంలో గణితం చదివాడు. అక్కడే ఒక కంప్యూటర్ నిర్మాణంలో చెయ్యి వేశాడు. తర్వాత జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీలో వుద్యోగం. 1963లో మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో అధ్యాపకుడయ్యాడు. జీవితచరిత్ర ఇంతకన్నా మనకు అవసరం లేదు. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. చదువుకున్నవాళ్ళు, శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు, తమ పని తాము శ్రద్ధగా చేసుకుపోతూ వుండగా ఒక దేశం ఏమయిందో ఆయన చిన్నతనంలోనే చూశాడు.

జనరల్ ఎలెక్ట్రిక్‌లో ఆయన చేసిన పని బ్యాంకు కంప్యూటర్. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో చెక్కుల వాడకం విపరీతంగా పెరిగింది. కాలిఫోర్నియాలో బ్యాంక్ ఆఫ్ అమెరికా శాఖలకు రోజూ వచ్చిపడే చెక్కులను గుమాస్తాలు చేత్తో విడదీసి ఖాతాలకు ఎక్కించాలి. ఆ పని తెమలక మధ్యాహ్నమే కౌంటర్లు మూసేవారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దీనికొక యంత్రం నమూనా తయారు చేసింది. జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీ ఆ యంత్రాలను కట్టి ఇచ్చింది. 1959లో అవి పనిలోకి దిగాయి. వాటి పేరు ఎర్మా. చెక్కు మీద అయస్కాంత ధూళి కలిసిన సిరాతో అంకెలు అచ్చువేస్తే యంత్రం వాటిని చదివి లెక్క సరిచేసేది. మన చెక్కు కాగితం అడుగున కనిపించే ఆ వంకర అంకెలు ఆ పద్ధతిలోనివే. ఏలూరులో చెక్కు రాసినా, ఖమ్మంలో రాసినా ఆ కాలిఫోర్నియా సిరాగుర్తు మన చేతిలో వున్నట్టే.

ఆ రోజుల్లో తనకు అది మంచి సాంకేతిక సమస్యగా మాత్రమే కనిపించిందనీ, పరిష్కరించడంలో వున్న సరదా తప్ప మరొకటి తోచలేదనీ వైజెన్‌బామ్ తర్వాత ఒప్పుకున్నాడు. తర్వాత తోచినదేమిటో చూడండి. కంప్యూటర్ రాకపోతే ఆ బ్యాంకులు ఆ పరిమాణంలో, ఆ రూపంలో నిలవగలిగేవి కావు. చెక్కుల గుట్ట కింద పడి నలిగి, అధికారాన్ని చిన్న చిన్న శాఖలకు పంచుకోవలసి వచ్చేది. పని పద్ధతి మార్చుకోవలసి వచ్చేది. బ్యాంకులే కాదు, స్టాక్ మార్కెట్లూ, ప్రభుత్వ సంక్షేమ శాఖలూ, సైన్యమూ యుద్ధానంతరం ఇలాంటి సంకటంలోనే పడ్డాయి. సరిగ్గా ఆ సమయానికి కంప్యూటర్ వచ్చి, వాటిని మారకుండా కాపాడింది. కంప్యూటర్ విప్లవం అని లోకమంతా మోగిపోతూ వుండగా, ఈ యంత్రం మొదటినుంచీ యథాస్థితికి కాపలాదారు అని అన్నవాడు దాన్ని కట్టినవాడే! ఒరగబోయే పందిరికి కొత్త గుంజ పాతినట్టన్నమాట.

ఈ వాదం మనకు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. ఉత్పత్తి శక్తులు పెరిగి పాత సంబంధాలను బద్దలు కొడతాయని మనం చదువుకున్నాం. ఇక్కడ కొత్త ఉత్పత్తి శక్తి పాత సంబంధాలకు ఆయుష్షు పోసింది. నాకొక అభ్యంతరమూ వుంది. కంప్యూటర్ లేకపోతే ఆ బ్యాంకులు మారివుండేవని ఎలా చెప్పగలం? ఇంకో పదివేలమంది గుమాస్తాలను తక్కువ జీతానికి పెట్టుకుని అలాగే నడిచిపోయేవేమో! చరిత్రలో జరగనిదాని మీద వాదన నిలబెట్టడం కష్టం. కాని జరిగినదాని మేరకు ఆయన సాక్ష్యం గట్టిదే. సంస్థ పరిమాణం పెరిగినకొద్దీ తలెత్తిన రాజకీయ ప్రశ్నను లెక్కల ప్రశ్నగా మార్చి పక్కకు నెట్టారు.

వైజెన్‌బామ్ పేరు లోకానికి తెలిసింది బ్యాంకు యంత్రం వల్ల కాదు, 1966లో ఆయన ప్రకటించిన ఎలైజా అనే ప్రోగ్రామువల్ల. టైపు యంత్రం ముందు కూర్చుని మనం ఇంగ్లీషులో ఒక వాక్యం కొడితే అది జవాబు కొట్టేది. అందులో డాక్టర్ అనే పాత్ర మానసిక వైద్యుడి ధోరణిలో మాట్లాడేది. రోగి అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడిగే ఒక వైద్య పద్ధతి వుంది. దాన్ని ఎన్నుకోవడంలోనే కిటుకంతా వుంది, ఎందుకంటే అలాంటి వైద్యుడికి లోకజ్ఞానం ఏమీ లేకపోయినా చెల్లిపోతుంది. తెలుగులో నేనొక వుదాహరణ కల్పిస్తాను. "నాకు మా అమ్మ మీద కోపంగా వుంది" అని మీరంటే, యంత్రం "నాకు" అన్నచోట "మీకు" అనీ, "మా" అన్నచోట "మీ" అనీ మార్చి, "మీకు మీ అమ్మ మీద కోపం ఎందుకు వచ్చింది?" అంటుంది. అమ్మ అనే మాట పట్టుకుని "మీ కుటుంబం సంగతి ఇంకా చెప్పండి" అంటుంది. పట్టుకోవడానికి మాటేదీ దొరక్కపోతే "ఊఁ, చెప్పండి" అంటుంది. లేదా మీరు కాసేపటి కిందట అన్నదాన్ని పైకి తీస్తుంది. అమ్మ అంటే ఏమిటో, కోపం అంటే ఏమిటో దానికి తెలియదు.

సాహిత్యం బోధించేవాణ్ణి గనక పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. ఎలైజా అంటే బెర్నార్డ్ షా నాటకం పిగ్మాలియన్‌లో పూలమ్ముకునే పిల్ల. ఒక ఉచ్చారణశాస్త్ర పండితుడు ఆమెకు దొరసాని మాట నేర్పుతాడు. ఆ పిల్లలాగే ఈ ప్రోగ్రాముకు కూడా రానురాను బాగా మాట్లాడడం నేర్పవచ్చు గనక ఆ పేరు పెట్టానని వైజెన్‌బామ్ అన్నాడు. కాని షా నాటకంలో అసలు ప్రశ్న మాట నేర్పడం కాదు. నేర్పిన తర్వాత ఆ పిల్ల గతేమిటని పండితుడు ఒక్కసారీ ఆలోచించడు. ఆలోచించలేదని ఆమె నిలదీస్తుంది. ఈ సంగతి వైజెన్‌బామ్‌కు పేరు పెట్టిన రోజున కాక, తర్వాత తగిలిందనుకుంటాను.

ఆ ప్రోగ్రాము రాస్తున్నన్ని నెలలూ పక్కనే వుండి చూసిన ఆయన కార్యదర్శిని, అది ఒట్టి ప్రోగ్రామని బాగా తెలిసిన మనిషి, దానితో నాలుగు మాటలు సంభాషించి, తనను కాసేపు ఏకాంతంగా వదిలి గది బయటికి వెళ్ళమని ఆయన్ను అడిగింది. ఆయన కలవరపడ్డాడు. అంతకంటే ఆయన్ని కలవరపెట్టింది విద్వాంసుల ప్రవర్తన. స్టాన్‌ఫర్డ్‌లో కెన్నెత్ కోల్బీ అనే మానసిక వైద్యుడు అదే 1966లో తన సహచరులతో కలిసి ఒక వ్యాసం రాశాడు. వైద్యులు చాలని ఆస్పత్రులలో ఇలాంటి కంప్యూటర్‌తో గంటకు కొన్ని వందలమంది రోగులను చూడవచ్చునని అందులో ఆశపడ్డాడు. వైద్యులు ఎందుకు చాలడంలేదన్నది ఆ వ్యాసానికి ప్రశ్న కాదు. మళ్ళీ అదే గుంజ!

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ పాత కథకు కొత్త శ్రోతలు ఏర్పడ్డారు. ఇప్పటి యంత్రం పనిచేసే తీరు వేరు. అది అపారమైన రచనల నుంచి మాటల పొందికలు గ్రహించి, తర్వాత రాదగిన మాటను అంచనా కడుతుంది. ఎలైజా దానిముందు బొమ్మలాటే. అయినా మనిషి వైపు జరిగేది మారలేదు. మా కళాశాలలో ఒక విద్యార్థిని హాజరు లేక పరీక్షకు కూర్చోలేని స్థితిలో వుంటే ఎందుకని అడిగాను. ఇంట్లో పెళ్ళి ఒత్తిడి. ఎవరికైనా చెప్పుకున్నావా అంటే, "ఫోనులో దానికి చెప్పుకున్నాను సార్, అది తిట్టదు" అన్నది. తప్పు ఆ పిల్లది కాదు. తిట్టకుండా వినే మనిషిని మేమెవరమూ ఆమెకు చూపించలేదు.

1976లో వైజెన్‌బామ్ తన అభిప్రాయాలన్నీ ఒక పుస్తకంగా వేశాడు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే "కంప్యూటర్ శక్తి, మానవ వివేచన". నిర్ణయం వేరు, గణన వేరు అన్నది ఆ గ్రంథసారం. కంప్యూటర్ ఏమి చేయగలదన్నది ఆయనకు ముఖ్య ప్రశ్న కాదు. చేయగలిగినా దానికి ఏ పనులు అప్పగించరాదన్నదే ముఖ్యం. న్యాయమూర్తులకు తెలిసినదాంట్లో కంప్యూటర్‌కు చెప్పలేనిది ఏముందని, ఆ రంగంలో మహామహుడైన జాన్ మెకార్తీ అడిగాడు. ఏమీ లేదన్నది ఆయన భావం. ఆ ప్రశ్నే ఘోరమైనదని వైజెన్‌బామ్ అన్నాడు. పుస్తకం వచ్చాక మెకార్తీ దాన్ని వివేచనలేని పుస్తకమని శీర్షికలోనే దుయ్యబడుతూ సమీక్ష రాశాడు. నిజానికి పుస్తకంలో కోపం పాలు ఎక్కువే. రాత్రింబగళ్ళు యంత్రాల గదిలోనే పడివుండే కుర్ర ప్రోగ్రామర్లను ఆయన జూదరులతో పోల్చిన అధ్యాయం నాకు కొంత అన్యాయంగా తోచింది. వాళ్ళలో పనిమీద ప్రేమ కూడా వుంటుంది గదా!

కాని కంబోడియాను గురించి రాసిన పేజీ మరవరానిది. అమెరికా ప్రభుత్వం 1969లో కంబోడియా మీద రహస్యంగా బాంబుదాడులు మొదలుపెట్టి, తమ శాసనసభకు తెలియకుండా దాచింది. యుద్ధరంగం నుంచి వచ్చిన నిజమైన నివేదికలను పెంటగన్ కంప్యూటర్లు తప్పుడు నివేదికలుగా మార్చి పైవాళ్ళకు అందించేటట్టు ఏర్పాటయింది. ఆ కాగితాలు చదివిన పెద్దలు కంప్యూటర్ చెప్పింది గనక నిజమనుకున్నారు. చరిత్రను యంత్రంలో తిరగరాయవచ్చు. పైగా తిరగరాసింది తామని ఎవరూ ఒప్పుకోనక్కరలేదు. ఆయన భయమంతా ఈ రెండవదాన్ని గురించే. పెద్ద ప్రోగ్రాములను అనేకులు, అనేక సంవత్సరాలు, అతుకులు వేస్తూ రాస్తారు. కొంతకాలానికి అది ఎందుకలా నిర్ణయిస్తున్నదో చెప్పగల మనిషి ఒక్కడూ మిగలడు. నిర్ణయం మిగులుతుంది, నిర్ణయించినవాడు మాయమవుతాడు.

ఆయన లోపం ఎక్కడ వుందో కూడా చెప్పాలి. ప్రతి శాస్త్రజ్ఞుడూ తన అంతరాత్మను అడగాలి, చేయరాని పనిని చేయనని చెప్పాలి అన్నదగ్గరే ఆయన ఆగాడు. పాఠకుడిగా నాకిది చాలలేదు. జీతగాడి అంతరాత్మ ఒంటరిగా ఎంతకాలం నిలుస్తుంది? ఎలైజా పుట్టిన ఆ కాలంలోనే, 1960ల ద్వితీయార్ధంలో, కలకత్తాలో జీవిత బీమా వుద్యోగులు తమ కార్యాలయంలోకి కంప్యూటర్ రాకుండా వంతులవారీగా కాపలా కాశారు. ఏళ్ళ తరబడి పట్టుబట్టాక, 1983లో బ్యాంకు యూనియన్లు యాజమాన్యాలతో కంప్యూటరీకరణ మీద ఒప్పందం చేసుకున్నాయి. వీళ్ళను అభివృద్ధి నిరోధకులని పత్రికలు ఎగతాళి చేశాయి. వైజెన్‌బామ్‌కు లేని సంఘటిత శక్తి వీళ్ళకుంది. కాని వీళ్ళడిగింది ఎన్ని వుద్యోగాలు పోతాయనే. యంత్రం వచ్చాక బ్యాంకు పేదవాడికి దగ్గరవుతుందా దూరమవుతుందా, కాదన్నప్పుడు సమాధానం చెప్పేది ఎవరు అని గట్టిగా అడగలేదు. సోవియట్ యూనియన్‌లోనూ ఇదే లోటు. 1954 నాటి తాత్విక నిఘంటువు సైబర్నెటిక్స్‌ను అభివృద్ధి నిరోధక కుహనాశాస్త్రమని తిట్టింది. 1961 నాటి పార్టీ కార్యక్రమం దాన్ని నెత్తిన పెట్టుకున్నది. ఏడేళ్ళలో తిట్టు పొగడ్త అయింది గాని ఈ ప్రశ్న మధ్యలో ఎక్కడా రాలేదు.

మన ఇంటిదగ్గర అది వచ్చింది. తెలంగాణలో 2014 తర్వాతి సంవత్సరాలలో సుమారు 19 లక్షల ఆహారభద్రత కార్డులు రద్దయ్యాయి. ఎవరికి కారు వుంది, ఎవరికి ఆస్తి వుంది అని వేర్వేరు శాఖల పట్టికలను కలిపి పోల్చే సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థను అనర్హులను ఏరడానికి వాడారు. పేర్లలో పోలిక వుండడం వల్ల రిక్షా లాగే మనిషి కుటుంబాన్ని కారు యజమాని కుటుంబంగా లెక్కగట్టిన వుదంతం పత్రికలకెక్కింది. ఆ కంప్యూటర్ ప్రైవేటు పెట్టుబడిదారుడి చేతిలో లేదు. ఎన్నికైన ప్రభుత్వం చేతిలో వుంది. పేరు కూడా సంక్షేమానిదే. ఎవరి చేతిలో వుందన్న నా పాత ప్రశ్న ఇక్కడ నాకు పనికిరాలేదు. కార్డు పోయినవాళ్ళు కార్యాలయానికి వెళితే, కంప్యూటర్‌లో అలా వున్నది అనడం తప్ప గుమాస్తాకు మరో జవాబు లేదు, అతనూ అబద్ధమాడలేదు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని 2022లో కోర్టు ఆదేశించింది. ఆ పరిశీలనలో వేల కుటుంబాలు అర్హులని తేలింది. అది తేల్చడానికి మనుషులు కాగితాలు పట్టుకుని గడపగడపకూ వెళ్ళి, ఇంటి ముందు కారు వున్నదో లేదో కళ్ళతో చూడవలసి వచ్చింది.