గుగ్లియెల్మి కాయిల్

మెదడు రక్తనాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బితే దాన్ని అన్యూరిజం అంటారు. అది చిట్లితే ప్రాణం మీదికొస్తుంది. పుర్రె తెరవకుండా ఆ ఉబ్బును లోపలి నుంచే మూసే ప్లాటినం తీగచుట్ట గుగ్లియెల్మి కాయిల్.

ఇటలీ వైద్యుడు గ్విడో గుగ్లియెల్మి రూపొందించిన ఈ కాయిల్‌ను 1990లో లాస్‌ఏంజెలెస్‌లో తొలిసారి రోగికి అమర్చారు. తొడ మొదట్లోని ధమని గుండా సన్నని కాథెటర్‌ను మెదడు దాకా పంపి, ఉబ్బులో తీగను చుట్టలుగా నింపుతారు. అమరిక కుదరకపోతే వెనక్కి లాగవచ్చు. కుదిరాక స్వల్ప విద్యుత్తుతో అతుకును కరిగించి విడదీస్తారు. చుట్టల మధ్య రక్తం గడ్డకట్టి ప్రవాహం ఆగుతుంది.

అన్యూరిజం చిట్లిన 2,143 మందిపై జరిగిన ఐశాట్ అధ్యయనం 2002లో వెలువడింది. ఏడాది తర్వాత మరణించిన లేదా పరాధీనులైన వారు కాయిల్ చికిత్సలో 23.7 శాతం, పుర్రె తెరిచి ఉబ్బు మొదట్లో క్లిప్ బిగించే శస్త్రచికిత్సలో 30.6 శాతం.

కొందరిలో ఉబ్బు మళ్లీ తెరుచుకోవచ్చు. అందుకే చికిత్స తర్వాతా స్కానింగ్ తప్పనిసరి.