మియురాను ఏ ఏటికి తిరిగి చేర్చాలి?

1965 నవంబరులో టురిన్ మోటార్ షోలో లాంబోర్గిని కంపెనీ తన స్టాండులో పెట్టినదాన్ని కారు అనడానికి వీల్లేదు. బాడీ లేదు, తలుపుల్లేవు, అద్దాల్లేవు. పల్చటి ఉక్కు రేకును మడిచి, బరువు తగ్గించడానికి ఎక్కడికక్కడ గుండ్రటి రంధ్రాలు చేసి, అతికిన నల్లటి చాసీ ఒకటి. డ్రైవరు వీపు వెనక అడ్డంగా అమర్చిన పన్నెండు సిలిండర్ల ఇంజను ఒకటి. ఆ ఒట్టి చాసీని చూసే కొనడానికి ముందుకొచ్చినవాళ్ళున్నారు. దాన్ని రూపొందించిన జాంపావ్లో డల్లారా, పావ్లో స్టాంజానీ, న్యూజిలాండ్ నుంచి వచ్చిన టెస్ట్ డ్రైవరు బాబ్ వాలెస్ ముగ్గురూ అప్పటికి ముప్పై నిండనివాళ్ళు. నాలుగు నెలల తరువాత, 1966 మార్చిలో, బెర్టోనే సంస్థలో మార్చెల్లో గాండీని గీసిన బాడీతో ఆ కారు జెనీవాలో మియురాగా జనం ముందుకొచ్చింది. సూపర్ కారుల వరస దీనితోనే మొదలైందని చాలామంది ఒప్పుకుంటారు. ఈనాడు ఆ కారును మళ్ళీ ఒట్టి చాసీ దాకా విప్పి, బాగుచేసి, కొన్నిచోట్ల మెరుగుపరచి నిలబెట్టడం ఒక ప్రత్యేకమైన వృత్తి అయింది. విప్పడం మీద పేచీ లేదు, మెరుగుపరచడం దగ్గరే వస్తుంది. పాతదాన్ని బాగుచెయ్యాలే గాని మార్చకూడదని గట్టిగా వాదించేవాళ్ళున్నారు. మియురా విషయంలో ఆ వాదన చరిత్రకు నిలవదని నా అభిప్రాయం. మార్పు ఈ కారు పుట్టుకలోనే ఉంది. అడగవలసినవి వేరే ఉన్నాయి: ఆ మార్పు ఏ భాగంలో చేశారు, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చా, చేసిన సంగతి రాసిపెట్టారా?

ముందు ఫ్యాక్టరీ ఏం చేసిందో చూద్దాం. 1966 నుంచి 1973 దాకా సాంత్ అగాటా బోలోనేజ్‌లో తయారైన మియురాలు సుమారు 760. మొదటి రకం పి400 కార్లు 275, తరువాతి ఎస్ కార్లు 338, చివరి ఎస్వీలు 150. 3,929 సీసీల ఇంజను శక్తి 350 హార్స్ పవర్ నుంచి 370కి, అక్కడినుంచి 385కి పెరిగింది. అసలు కథ ఆ అంకెల్లో లేదు, దిద్దుబాట్లలో ఉంది. చాసీ రేకు మందం మొదట్లో 0.9 మిల్లీమీటర్లు; తొలి 125 కార్ల తరువాత 1 మిల్లీమీటరు చేశారు. ఇంజను, గేర్ బాక్సు ఒకే పోతలో ఉండి ఒకే నూనెను పంచుకునేవి. గేరు పళ్ళు అరిగి రాలిన లోహపు పొడి ఆ నూనెతోపాటు ఇంజను బేరింగుల దాకా పోయేది. ఆ రెంటి నూనెలనూ విడదీసే ఏర్పాటు చివరి ఎస్వీల్లో గాని రాలేదు. మొదట నాలుగు చక్రాల రిమ్ములూ 7 అంగుళాల వెడల్పే. ఎస్వీలో వెనకవి 9 అంగుళాలయ్యాయి, వాటికి చోటివ్వడానికి వెనక బాడీ ఉబ్బింది. పెట్రోలు ట్యాంకు ముందు భాగంలో ఉండడంతో, అది ఖాళీ అవుతున్నకొద్దీ పెద్ద వేగంలో ముక్కు తేలిపోయేది. వాలెస్ 1970లో తయారుచేసిన జోటా అనే ప్రయోగపు కారులో ఆ ట్యాంకును తీసేసి, తలుపుల కింది పెట్టెల్లో రెండు చిన్న ట్యాంకులు పెట్టాడు. ఆ ఒక్క కారూ 1971లో ప్రమాదంలో కాలిపోయింది. అయినా అలాంటిదే కావాలని కొనుగోలుదార్లు అడిగితే కంపెనీ కొన్ని కార్లను ఎస్వీజే పేరుతో ఆ దారిలో మార్చి ఇచ్చింది. తయారుచేసినవాళ్ళే ఏడేళ్ళూ తమ కారుతో తృప్తిపడకుండా దిద్దుతూ వచ్చినప్పుడు, అందులో ఏదో ఒక్క రోజును పట్టుకుని ఇదే అసలు రూపం అనడానికి ఆధారం ఎక్కడుంది?

ఒట్టి చాసీ దగ్గర జరిగే పని చూస్తే చిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. బాడీ, ఇంజను, సస్పెన్షన్ అన్నీ విప్పాక రంగునూ తుప్పునూ బ్లాస్టింగ్‌తోనో రసాయనాలతోనో తీసేస్తారు. అప్పటిదాకా రంగు కింద దాగినవన్నీ బయటపడతాయి: ఎప్పుడో గుద్దుకున్నచోట చేసిన అతుకు, తుప్పు తిని జల్లెడైన రేకు, అరవైల నాటి వెల్డరు చేతివాటం. మియురా చాసీలో తలుపుల కింద పొడవునా సాగే పెట్టెల్లాంటి భాగాలే కారు బరువును మోస్తాయి. రంధ్రాల గుండా నీరు చేరి వాటి లోపలే ముందు తుప్పు పడుతుంది. చాసీని జిగ్గుకు బిగించి, కొలతలు సరిచూసి, చెడిన రేకు మేరకే కోసి కొత్తది అతకాలి. మంచి పనివాడు తీసేయవలసింది ఎంతో తేల్చుకోవడానికే ఎక్కువ కాలం తీసుకుంటాడు. ఇక్కడే ఒక సులువైన ఆశ పుడుతుంది: ఎలాగూ విప్పాం కదా, మందపు రేకు వేసి, లోపల అదనపు పట్టీలు అతికేస్తే చాసీ మరింత గట్టిగా ఉంటుంది. నేను ఒప్పుకోని మెరుగుదల ఇది. చాసీలో అతికినది మళ్ళీ ఊడదు. ఊడదీస్తే పాత రేకూ పోతుంది. పల్చటి రేకుతో ఎంత సాహసం చేశారో చెప్పే సాక్ష్యం ఆ రేకు ఒక్కటే. బిగించి విప్పగల భాగాల సంగతి వేరు. కొత్త రకం పెట్రోలు గొట్టాలు, మెరుగైన రేడియేటరు ఫ్యాన్లు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ లాంటివి పెట్టినా, పాతవి భద్రంగా దాస్తే రేపు ఎవరైనా మళ్ళీ బిగించుకోగలరు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. లోపాలు కూడా చరిత్రే కదా, నూనె పంచుకునే ఇంజనునూ, ముక్కు తేలే గుణాన్నీ దిద్దేస్తే 1967లో ఆ కారు నడపడం ఎలా ఉండేదో తరువాతివాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఈ మాటలో నిజముంది. అసలైన భాగాలతో, చెయ్యి పడకుండా మిగిలిన మియురా దొరికితే దాన్ని అలాగే ఉంచాలి. మన్ను తుడిచి, తుప్పు ఆపి, అక్కడితో ఆగాలి. కాని పునరుద్ధరణకు వచ్చే కార్లలో ఎక్కువ భాగం అలాంటివి కావు. పైగా ఒక లోపం తక్కినవాటిలా ఊరికే ఉండదు. మియురాలోని నాలుగు వెబర్ కార్బురేటర్లు పందెపు కార్ల కోసం పుట్టినవి. ట్రాఫిక్‌లో ఇంజను నిమ్మదిగా తిరుగుతున్నప్పుడు వాటిలో పెట్రోలు పోగై, ఉన్నట్టుండి అంటుకునేది. అలా కాలిపోయిన మియురాలు కొన్నున్నాయి. కాలిన కారులో లోపమూ మిగలదు, సాక్ష్యమూ మిగలదు. పెట్రోలు పోగవకుండా చేసే చిన్న మార్పును చరిత్ర పేరుతో వద్దనడం చరిత్రకే మంచిది కాదు. అసలు నడపకుండా మ్యూజియంలో పెడితే సరిపోదా అంటారు కొందరు. కొన్నింటికి సరిపోతుంది. కాని నడవని ఇంజనులో సీళ్ళు ఎండుతాయి, పెట్రోలు చెడుతుంది, దాన్ని సర్దే చేతులు కూడా ఆ విద్య మరిచిపోతాయి. ఆ నాలుగు కార్బురేటర్లనూ ఒక్క తీరుగా శ్రుతి చేయగల మనిషిని నిలబెట్టుకోవాలంటే నడిచే కార్లుండాలి.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మెరుగుపరచడానికి ఒప్పుకుంటే అన్నీ ఎస్వీలైపోవా? భయం వట్టిది కాదు. ఎస్వీలు తక్కువ, ధర ఎక్కువ, చూడడానికి గంభీరం. అందుకే పి400లకూ ఎస్‌లకూ వెనక బాడీ ఉబ్బించి ఎస్వీ వేషం కట్టినవాళ్ళున్నారు. వాళ్ళు మార్చింది కారు పనితీరును కాదు, దాని గుర్తింపును. హెడ్‌లైట్ల చుట్టూ కనురెప్పల్లాంటి నల్లటి చువ్వలతో గాండీని గీసిన మొదటి ముఖం 1966 నాటి ధైర్యానికి సాక్ష్యం. ఎస్వీలో ఆ చువ్వలు లేవు. పి400లో వాటిని తీసేసినవాడు ఒక కాలాన్ని చెరిపి ఇంకో కాలాన్ని పైన అంటించాడు. పనితీరు కోసం చేసిన మార్పు తానేమిటో దాచుకోదు, వేషం దాచుకుంటుంది. కాగితాల విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. 1969 నాటి ఇటాలియన్ జాబ్ సినిమా మొదట్లో ఆల్ప్స్ దారిలో పరుగెత్తే నారింజ రంగు మియురా ఏదన్న ప్రశ్న యాభై ఏళ్ళు నలిగింది. 2019లో కంపెనీ చారిత్రక విభాగం పోలో స్టోరికో తన దస్తావేజులతో పోల్చి, కారును పరిశీలించి అది ఏదో ధ్రువీకరించింది.

టురిన్ పేరే పెట్టుకున్న ఒక నిబంధనావళి కూడా ఉంది. 1966లో ఏర్పడిన పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా, 2012లో టురిన్ చార్టర్‌ను ఆమోదించింది. వాహనం తన వాడుక కాలంలో పొందిన మార్పులూ దాని చరిత్రలో భాగమేననీ, ప్రతి వాహనాన్నీ తయారైన ఏటి రూపానికి మళ్ళించనక్కర్లేదనీ, భద్రత కోసం కొత్తవి చేర్చినా వెనక్కి తీయగలిగేలా ఉండాలనీ, తీసిన ముఖ్యమైన పాత భాగాలు కారుతోనే ఉండాలనీ దాని సారాంశం. ఈ కొలతతో రెండు కార్లను చూడండి. 1968లో బ్రస్సెల్స్‌లో బెర్టోనే చూపిన పైకప్పులేని మియురా ఒక్కటే ఒక్కటి. దాన్ని సీసం, జింకు పరిశ్రమల పరిశోధన సంస్థ కొని, తమ లోహాల సత్తా చూపడానికి ఎన్నో భాగాలను వాటితోనే మళ్ళీ చేయించి, జెడ్ఎన్75 అని పేరు పెట్టింది. ఆ రూపంలోనే అది ఏళ్ళ తరబడి బతికింది. 2008 నాటికి దాన్ని మళ్ళీ 1968 నాటి లేత నీలానికి మార్చి పెబుల్ బీచ్‌లో ప్రదర్శించారు. పని అద్భుతం, ఆ నీలం కళ్ళు తిప్పుకోనివ్వదు. కాని ఆ ఒక్క ప్రదర్శన రూపం కోసం కారు అసలు జీవితాన్ని చెరిపేశారనే నేను అనుకుంటాను. రెండోది 1968 నాటి మియురా ఎస్. యజమాని కోరికపై 1974లో సాంత్ అగాటాలోనే విప్పి, 18 నెలలు పనిచేసి ఎస్వీఆర్‌గా మార్చారు. తరువాత అది జపాన్ చేరింది. పోలో స్టోరికో 19 నెలలు కష్టపడి 2018లో దాన్ని నిలబెట్టినప్పుడు 1968 రూపానికి మళ్ళించలేదు. 1974 నాటి పని వివరాల కాగితాన్నే ఆధారం చేసుకుంది. యజమాని అడిగితే నాలుగు చోట్ల బిగించే సీటు బెల్టులు, ఒంటిని పట్టి ఉంచే సీట్లు, విప్పగల రోల్ బార్ చేర్చింది. మూడింటినీ మళ్ళీ తీసేయవచ్చు; కింద 1974 కారు అలాగే ఉంటుంది.